ఏడో నంబరు మగ్గం

"నిన్ను ఎవరు రమ్మన్నారమ్మా?"

దీపిక ఇంకా గడప దాటలేదు. అంగడి వెనకే ఇల్లు కావడంతో గుమాస్తాలిద్దరూ తలలు తిప్పి చూశారు. కోడలిని నలుగురూ వినేలా అడగాల్సిన మాట కాదది. అది రామాంజినేయులుకూ తెలుసు. తెలిసే అడిగాడు.

ఆమె చెప్పులు విప్పి, సంచి అరుగు మీద పెట్టి, కొళాయి దగ్గర తీరిగ్గా కాళ్ళు కడుక్కుంది. సోమవారం సాయంత్రం "పెనుకొండకు పోయి నాలుగు దినాలు మీ అమ్మ కాడ ఉండి రాపోమ్మా" అని మర్యాదగా కారెక్కించి పంపిన కోడలు గురువారం పొద్దున పదింటికే తిరిగొస్తే ఆయనకు ఒళ్ళు మండదా మరి.

"నా ఇంటికి రావడానికి నన్నొకరు పిలవల్లనా మామా?" అంది దీపిక.

ఆయన పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేజీలో అన్నీ ప్రకటనలే. అయినా చాలాసేపు చదివాడు.

సోమవారం నాటి అవమానం ఆయనకు ఇంకా పచ్చిగానే ఉంది. శ్రావణ ముహూర్తాల రద్దీ. పరుపు మీద కల్యాణదుర్గం పెళ్ళివారు కూర్చుని ఉన్నారు. చీర ఎంచుకుని పక్కన పెట్టాక దాని నంబరు కొడితే కంప్యూటర్ తెర మీద చక్రం తిరగడం మొదలైంది. ఒక్కో చీరకు నాలుగు నిమిషాలు. పదకొండో చీర దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. పెళ్ళికూతురి మేనత్త విసుక్కుని లేచి, అందరినీ లేపుకుని ఎదురంగడికి వెళ్ళిపోయింది. తమ పరుపు మీంచి చీర కొనకుండా లేచిన వాళ్ళు ఇంతవరకూ లేరని రామాంజినేయులు నమ్మకం. నిజమో కాదో గానీ నమ్మకం మాత్రం గట్టిది.

హిందూపురం నుంచి సాఫ్ట్‌వేర్ చంద్రమోహన్ ఫోన్‌లోనే రోగం తేల్చాడు. డేటాబేస్ బరువెక్కిపోయింది. ఎప్పుడో మూతపడిన మగ్గాలు, ఎన్నడో అమ్ముడైపోయిన చీరలు, వాటి ఫోటోలు, అన్నిటినీ అది ఈనాటి అమ్మకాలతో కలిపి మోస్తోంది. ఏడేళ్ళుగా కదలిక లేనివన్నీ చెరిపేస్తే మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. తండ్రీ కొడుకులు సరేనన్నారు. దీపిక కుదరదంది. పాస్‌వర్డ్ ఆమె దగ్గర ఉంది. యజమాని కాగితం మీద రాసిస్తే ఆమె లేకుండానే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చని చంద్రమోహన్ చెప్పాడు. పెనుకొండ ప్రయాణం అందుకే వచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి చంద్రమోహన్ వస్తాడు. ఆ సంగతి దీపికకు తెలియదనే ఇంట్లో అందరూ అనుకున్నారు.

ఆమె ఎవరినీ పలకరించకుండా, అంగడి లెక్కల కంప్యూటర్ ఉన్న తమ పైగదికి వెళ్ళింది. వెనకే భర్త గిరిధర్ మెట్లెక్కాడు.

"నిన్న యాడికి పోయినావు? ఫోన్ చేస్తే మీ అమ్మ, పొద్దున్నే రైలెక్కి పోయిందనె."

"హిందూపురం."

"ఆడ ఏముంది నీకు?"

"చంద్రమోహన్ ఉండాడు కదా."

కింద అందరి ముందూ మొగుణ్ణి మీరు అనే దీపిక ఈ గదిలోకి వచ్చాక నువ్వు అంటుంది. పెళ్ళయిన కొత్తలో కుదుర్చుకున్న ఒప్పందం అది. సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి హిందూపురంలో కొన్న పెద్ద డిస్కు. ఇంకొకటి దళసరి కాగితాల కట్ట. చెరిగిపోబోయే వాటి జాబితా. నాలుగు వందల పన్నెండు మగ్గాలు, వాటి మీద నేసిన మనుషులు.

"ఏడేండ్లు చీర దించని మగ్గాన్ని తీసెయ్యమని రాసిచ్చింది నువ్వేనంట," అంది.

"దాంట్లో తప్పేముంది? ఏడేండ్లు చీర దించకపోతే అది మగ్గమేనా?"

"మగ్గానికైతే తప్పు లేదు. మగ్గంతోపాటు మనిషి పోతాండాడు. మనిషితోపాటు ఆ మనిషి తెచ్చిన అంచు మీద పేరు పోతాండాది. అంచు మాత్రం మనం ఇంకా నేయిస్తానే ఉండాము."

గిరిధర్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ డేటా ఆమెకు ఎందుకంత ముఖ్యమో అతనికి తెలియనిది కాదు. తాత హనుమంతరాయుడి కాలం నుంచీ ఉన్న మగ్గాల లెక్కల పుస్తకాలు నూట పద్దెనిమిదింటిని మూడేళ్ళు కూర్చుని ఆమే కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ప్రతి పేజీకీ ఫోటో. ఏ మగ్గం, ఎవరు, ఏ అంచు, చీర ఏ రోజు దిగింది, అన్నీ. చివరి పుస్తకం అయిపోయిన నెలలోనే, ఆమె ఊళ్ళో లేనప్పుడు, రామాంజినేయులు ఆ పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేసేశాడు. అంతా కంప్యూటర్‌లో ఉండాది కదా, అల్మారా ఖాళీ అయిందని సంబరపడ్డాడు కూడా. మూడేళ్ళ కష్టానికి అలాంటి బహుమానం ఈ ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

బ్యాకప్ ఒకటుంది. అయితే అది రోజూ సర్వర్‌ను చూసి తననూ అలాగే దిద్దుకునే రకం. ఇక్కడ చెరిపితే మర్నాటికి అక్కడా చెరిగిపోతుంది.

"రేపటి నుంచి చీరలకు కొత్త చీటీలు అంటిస్తాండాము కదా," అంది దీపిక. "ఫోన్ పెట్టి చూస్తే ఎవరు నేసినారో, అంచు మొదట ఎవరు నేసినారో కనపడతాది. ఆ పేరు ఖాళీగా ఉంటే ఏం పడతాదో తెలుసునా నీకు?"

"మా తాత పేరు పడతాది. అంగడి పెట్టినాయన పేరు పడల్లని నాయన చెప్పినాడు."

"సీతాఫలం అంచుకు ఇప్పుడు ఎవరి పేరు ఉండాదో ఎప్పుడన్నా చూసినావా?"

అతను చూడలేదు. ఇప్పుడు కూడా చూడలేదు. సీతాఫలం మీది కన్నుల్లాంటి గళ్ళతో ఉండే ఆ అంచు వల్లే ఈ అంగడికి బెంగళూరు దాకా పేరొచ్చింది. దాన్ని హనుమంతరాయుడే కనిపెట్టాడని కింద బోర్డు మీద బంగారు రంగు అక్షరాల్లో రాసి ఉంది. గిరిధర్‌ది చెడ్డ మనసు కాదు. తెలుసుకుంటే ఏదో ఒక వైపు నిలబడాల్సి వస్తుందని తెలుసుకోకుండా ఉండిపోయే మనిషి, అంతే. అలాంటి వాళ్ళ మీద దీపికకు చెడ్డవాళ్ళ మీద కంటే ఎక్కువ కోపం.

"నాకంటే ఆ కంప్యూటరే ఎక్కువయింది నీకు," అన్నాడు చివరికి.

దీపిక కాగితాల కట్టను సర్ది బల్ల మీద ఓ పక్కకు జరిపింది.

హేమావతి ఉగ్గాని ప్లేటు పట్టుకుని వచ్చింది. మూడు రోజులుగా ఈ గొడవలో అత్తగారు నోరు విప్పలేదు. వండుతుంది, వడ్డిస్తుంది, చేతికి దొరికిన చీర అంచును బొటనవేలితో తడిమి పోగు తప్పిందా లేదా చూస్తుంది. సంతకం పెట్టడం కూడా ఈ మధ్యనే బడికెళ్ళే మనవరాలి దగ్గర నేర్చుకుంది. ఆమె భర్త వైపేనని దీపిక ఎప్పుడో నిర్ణయించుకుంది.

ప్లేటు బల్ల మీద పెడుతూ కాగితాల కట్టను చూసింది.

"ఏడో నంబరు ఉండాదా దీంట్లో?"

"ఉండాదత్తా."

హేమావతి తల ఊపి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు ఒకచోట ఆగి, కాసేపటికి మళ్ళీ వినిపించాయి.

చంద్రమోహన్ రెండు గంటలకు పది నిమిషాల ముందే వచ్చాడు. ఎవరితోనో కన్నడంలో మాట్లాడుతూనే మెట్లెక్కి, గదిలో దీపికను చూసి ఫోన్ జేబులో పెట్టేశాడు. నిన్న మేడమ్ ఆఫీసుకు వచ్చి జాబితా అడిగారనీ, ఇంటి మనిషే కదా అని ఇచ్చాననీ, అప్పటికే అక్కడ కుర్చీలో కూర్చున్న రామాంజినేయులుకు అడక్కుండానే చెప్పుకున్నాడు. పాపం, చెమట తుడుచుకోవడానికి కూడా వ్యవధి తీసుకోలేదు.

"మాట్లాడింది చాలు. పని కానీండి," అన్నాడు రామాంజినేయులు.

"పని చేయద్దని నేను చెప్పలేదు మామా," అంది దీపిక. "బరువు దించల్ల. రోజూ వాడనిది రోజూ వాడేదాంట్లో ఉండకూడదు. నేను వద్దంటాండేది చెరిపేసేదాన్నే. తీసి ఈ డిస్కులో పెడదాము. మగ్గం, మనిషి, అంచు, చీర, ఒకదానికొకటి ముడి తెగకుండా. అన్నీ చేరినాయని సరిచూసుకున్నాకే అంగట్లోది తీసేద్దాము. ఎప్పుడన్నా కావల్లంటే ఈడ వెతికితే దొరుకుతాది."

గిరిధర్ చంద్రమోహన్ వైపు చూశాడు. అలా చేయొచ్చనీ, పెద్ద కంపెనీలన్నీ అలాగే చేస్తాయనీ, ఈ సాయంత్రానికే అయిపోతుందనీ అతను ఒప్పుకున్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదని గిరిధర్ గట్టిగా అడిగాడు.

"సార్ తీసెయ్యమన్నారు. దాచిపెట్టమని ఎవరూ అనలేదు కదా," అన్నాడు చంద్రమోహన్.

రామాంజినేయులు కుర్చీలో కదిలాడు. దాచిపెట్టి ఏం చేస్తారని అడిగాడు. పోయినవాళ్ళు పోయారు, వాళ్ళ పిల్లలు బెంగళూరులో సెక్యూరిటీ గార్డులయ్యారు, వాళ్ళకే అక్కర్లేని పేర్లు మనకెందుకన్నాడు.

"మన అటక మీద ఏముండాది మామా?"

"అట్టలుండాయి."

ఇప్పుడు వాడుకలో లేని అంచుల నమూనాలను మగ్గానికి అందించే జాకార్డు అట్టలు. ఒక్కో అంచుకు చిల్లులు పొడిచిన వందల అట్టలు, వరసగా దారంతో కుట్టి, కట్టలు కట్టి, ఒక్కో కట్టకూ రేకు ముక్క మీద పేరు రాసి పెట్టినవి. మగ్గం మీంచి దించిన అట్టలను పారేయడం ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేదు. ఎలుకలు కొట్టకుండా ఏడాదికొకసారి వేపాకు పొగ కూడా వేస్తారు.

"ముప్పై ఏండ్లుగా వాడని అట్టలు కూడా ఉండాయి ఆడ. కాల్చెయ్యొచ్చు కదా," అంది దీపిక.

"ఎవరన్నా కాలుస్తారా? రేపు ఒకరొచ్చి ఆ అంచే కావల్లంటే?"

అనేశాక ఆయనకు తన మాట తనకే అడ్డం తగిలింది. చంద్రమోహన్ తల దించుకుని కీబోర్డు మీద లేని దుమ్ము దులిపాడు.

"అట్టలు వేరు, పేర్లు వేరు," అన్నాడు రామాంజినేయులు, గొంతు పెంచి. "గమ్మున పాస్‌వర్డ్ చెప్పు. లేదంటే కాగితం రాసిచ్చి కొత్తది పెట్టిస్తా, ఈ పొద్దుటి నుంచి అంగడి పనిలోకి నువ్వు రావద్దు. ఇంట్లో ఉండు, తిను, ఎవరూ కాదనరు. కంప్యూటర్ మాత్రం తాకద్దు."

దీపిక ముఖం ఎర్రబడింది. అవమానమే. పదేళ్ళుగా ఈ అంగడి కోసం కళ్ళు పాడు చేసుకున్న మనిషికి తిను, ఉండు అని చెప్పడం కంటే పెద్ద తిట్టు ఉండదు. ఒక్క క్షణం ఏడుపు వచ్చింది. దాన్ని మింగేసి కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

"తాకేది ఇదే కడసారి అనుకోండి. ఒక్క పేజీ చూపించి లేస్తా."

ఏడో నంబరు మగ్గం కొట్టింది. చక్రం తిరిగింది. కడకు ఒక పాత పుస్తకం పేజీ ఫోటో తెర నిండా పరుచుకుంది. పంతొమ్మిది వందల ఎనభై అయిదు, శ్రావణం. హనుమంతరాయుడి సొంత దస్తూరీ. మగ్గం ఏడు, ఓబుళప్ప. కొత్త అంచు, సీతాఫలం. పక్కన ఊదారంగు సిరాతో వేలిముద్ర.

"ఓబుళప్ప అంటే మా అమ్మ వాళ్ళ నాయన," అన్నాడు గిరిధర్ నెమ్మదిగా.

"అయితే ఏమి?" అన్నాడు రామాంజినేయులు. "ఆయన మనకు నేసినాడు. మా నాయన చెప్పినట్లే నేసినాడు."

"ఓబుళప్ప తాత ఎప్పుడు పోయినాడు మామా?"

వంటింటి పక్క గోడ మీద ఓబుళప్ప పటం ఉంది. దాన్ని ప్రతి శుక్రవారం తుడిచేది దీపికే. పటం కింద రాసిన తేదీ ఆమెకు కంఠతా వచ్చు. పంతొమ్మిది వందల ఎనభై మూడు, మార్చి పన్నెండు.

దీపిక వెనక్కి వెళ్ళింది. ఎనభై రెండు నాటి పేజీలన్నిటి మీదా ఓబుళప్ప సంతకం ఉంది. గుండ్రటి, పొందికైన సంతకం. ఎనభై మూడు ఏప్రిల్ నుంచి సంతకం లేదు, వేలిముద్ర. మనిషి పోయాక కూడా మూడేళ్ళు ఏడో నంబరు మగ్గం మీంచి చీరలు దిగుతూనే ఉన్నాయి. చివరి చీర ఎనభై ఆరు మాఘంలో దిగింది. హేమావతి పెళ్ళి జరిగింది ఆ మాఘంలోనే.

"చచ్చిపోయిన మనిషి వేలిముద్ర వేస్తాడా?" అంది దీపిక.

గిరిధర్ తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చూడకుండా ఉండిపోయే అవకాశం ఇక లేదు.

"ఆ కాలంలో ఆడోళ్ళ పేరు మీద మగ్గానికి నంబరు ఇచ్చే వాడుక లేదు," అన్నాడు రామాంజినేయులు. గొంతు తగ్గింది. "మగదిక్కు పోయిన ఇల్లు. నంబరు తీసేస్తే పట్టు ఇచ్చేవాళ్ళు లేరు. మా నాయనే దయ తలచి పాత పేరు మీదే నడవనిచ్చినాడు. అంతమాత్రాన..."

"దయ కాదు."

హేమావతి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"నువ్వు లోపలికి పో హేమా," అన్నాడు ఆయన.

"నలభై ఏండ్లుగా లోపలే ఉండా కదా," అంది ఆమె. అరవలేదు, ఏడవలేదు. "నేను నేసిన అంచుతో వేరే అంగడోళ్ళు రెండు చీరలు ఇమ్మంటాండారని చెప్తే, మీ నాయన మా ఇంటికొచ్చి, ఆ అంచు బయటికి పోకూడదని, నన్ను కోడలిగా అడిగినాడు. ఆ పొద్దు నువ్వు గూడా అరుగు మీద కూర్చోనుండావు. మర్చిపోయినావేమో, నేను మర్చిపోలేదు."

రామాంజినేయులు కాదనలేదు. గిరిధర్ తండ్రి ముఖంలోకి చూశాడు.

"బోర్డు మీద మీ నాయన పేరు రాసినారు. నేనేమీ అనలేదు. పుస్తకంలో మా నాయన పేరన్నా ఉండాదిలే అనుకుంటి. ఆ పుస్తకం తూకానికి వేసినారు. కంప్యూటర్‌లో ఉండాదని కోడలు చెప్పింటే మనసు కుదుటపడె. ఇప్పుడు దాంట్లో కూడా తీసేస్తామంటే నేను ఎట్ల గమ్మునుండేది?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల మీది స్టాంపు ప్యాడ్ మూత తీసి బొటనవేలు అద్దుకుంది. చెరిపేసే జాబితాలో ఏడో నంబరు ఎక్కడుందో చూపించమని దీపికను అడిగింది. దీపిక చూపించింది. ఆ వరస మీద వేలు ఆనించి, కాగితం కదలకుండా రెండో చేత్తో పట్టుకుని, నెమ్మదిగా నొక్కింది.

"ఈ ముద్దర, ఆ ముద్దర ఒకటేనా కాదా చూసుకోండి. ఈ కాగితం ఇంక పనికిరాదు."

పదేళ్ళుగా ఈమెను మూగదనీ, మొగుడి చాటు మనిషనీ అనుకున్నందుకు దీపికకు సిగ్గేసింది. సిగ్గుతోనే పాస్‌వర్డ్ కొట్టింది. డిస్కు తగిలించి, చంద్రమోహన్‌కు చోటిచ్చి, తాను అతని వెనకే నిలబడి ప్రతి మెట్టూ చూసింది. మొదట నకలు, తర్వాత సరిచూడడం, ఆ తర్వాతే తీసేయడం. ఒకటో నంబరు మగ్గం డిస్కులోకి చేరింది. రెండోది మొదలైంది.

చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు. రేపు చీరలు కొనడానికి బెంగళూరు పార్టీ వచ్చేసరికి చీటీలు అచ్చవ్వాలి. సీతాఫలం అంచుకు ఏ పేరు పెట్టాలో ఇప్పుడే చెబితే మంచిదన్నాడు.

"హేమావతి," అంది దీపిక. "మగ్గం ఏడు."

రామాంజినేయులు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకు తగిలింది.

"ఆ పేరుతో చీటీ పడితే రేపు పొద్దున అంగట్లో నేను కూర్చోను. మా నాయన కూర్చున్న చోటు అది. ఎవరు కూర్చుంటారో కూర్చోండి."

ఇరవై ఏళ్ళలో ఆయన అంగట్లో కూర్చోని రోజులు రెండే, తల్లి పోయినప్పుడూ తండ్రి పోయినప్పుడూ. ఆ బెదిరింపు ఎంత పెద్దదో గదిలో అందరికీ అర్థమైంది. దీపిక కూడా ఒక్క అడుగు వెనక్కి వేసింది.

హేమావతి వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకోలేదు. అలాగే ఉంచుకుంది.

"వద్దులే, కూర్చోవద్దు," అంది. "నేను కూర్చుంటా."

గుమ్మం పక్క మేకుకు అంగడి తాళాల గుత్తి వేలాడుతోంది. రామాంజినేయులు చెయ్యి దానికి అందేలోపే గిరిధర్ దాన్ని అందుకున్నాడు. తండ్రి అరచెయ్యి ఇంకా చాచే ఉంది. సిరా అంటిన తల్లి చెయ్యి కూడా ముందుకు వచ్చింది. గిరిధర్ ఇద్దరి మధ్యా నిలబడి తాళాలను గట్టిగా పట్టుకున్నాడు.